పక్కింటి అన్న బిగించిన చైను

పక్కింటి అన్న పోయాడని పోయిన మంగళవారం ఆఫీసులో తెలిసింది. ఉప్పుగూడ నుంచి వచ్చే ఒకతను టీ తాగుతూ మాటల్లో చెప్పాడు. అప్పటికే నాలుగు రోజులైంది. అంత ఆలస్యంగా తెలియడం నాకు తగినదే. ఆయనకు దూరమైంది నేనే.

లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న ఇంటి పక్క వాటా ఆయనది. సర్కారీ వర్క్‌షాపులో ఫిట్టర్. నేను పాత మోటార్‌సైకిల్ ఒకటి కొన్న కొత్తలో, ఒక పొద్దున అరగంట సేపు కిక్కు కొట్టి చెమటలు కక్కుతుంటే లుంగీతో బయటికొచ్చాడు. ప్లగ్గు పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఇప్పు తమ్మీ. నేనిప్పితే పని నాకొస్తది, నీకేమొస్తది?"

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆయన వాకిలే నాకు బడి. పాత పేపరు పరిచి, విప్పిన నట్లను విప్పిన వరసలోనే పెట్టించేవాడు. చైను కలిపే చోట ఉండే చిన్న క్లిప్పును చూపించి, "దీని మూసిన దిక్కు బండి పోయే దిక్కే ఉండాలె. ఉల్టా పెడితే ఊడొస్తది" అని పదిసార్లు చెప్పాడు. తొందరపడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "దీని మీద మనిషి కూసుంటడు తమ్మీ, యాదికుంచుకో" అనేవాడు. పనయ్యాక కిరసనాయిలుతో, ఆ తర్వాత సబ్బుతో గోళ్ల సందులు కూడా కడుక్కుని గానీ మా ఇంట్లో చాయ్ గ్లాసు ముట్టేవాడు కాదు.

ప్రమోషన్ వచ్చాక కొత్త బండి కొన్నాను. షోరూమ్‌లో తెల్లకోటు మెకానిక్‌లు, ముద్ర వేసిన కార్డు. బయటివాళ్లు చెయ్యి పెడితే గ్యారంటీ ఉండదన్నారు. నాకూ ఆ దర్జా నచ్చింది. ఆదివారాలు ఆయన వాకిలి తొక్కడం మానేశాను. అయినా ఒకరోజు చైను వదులై చప్పుడు చేస్తుంటే, షోరూమ్ దాకా పోవడానికి బద్ధకమై ఆయన్నే పిలిచాను. సంతోషంగా వచ్చి, కొలత చూసి బిగించి వెళ్లాడు.

తర్వాతి వారం షోరూమ్‌లో సర్వీసు చేయించాను. చైను తీసి కడిగి మళ్లీ వేశారు. మూడో రోజు ఉస్మాన్‌గంజ్‌లో చైను ఊడి వెనక చక్రంలో ఇరుక్కుంది. వెనక కూర్చున్న నా భార్యా నేనూ పడ్డాం. ఆమె మణికట్టు విరిగింది.

"ముందు ఎవరో చెయ్యి పెట్టినట్టుందే?" అన్నాడు షోరూమ్ మేనేజర్. గ్యారంటీ పోతుందన్న భయంతో, పక్కింటాయన నాకు తెలియకుండా చైను బిగించాడని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం అన్న మా ఇంటికి పరుగున వచ్చాడు. మా బావమరిది అక్కడే ఉన్నాడు. "గల్లీ రిపేర్లు చేయిస్తే గిట్లనే ఐతది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

"నేను వద్దన్న. అన్ననే ఇనలే" అన్నాను.

అన్న నన్నొక్క క్షణం చూశాడు. తర్వాత నా భార్య చేతికున్న పట్టీ వైపు చూసి, "తప్పైంది చెల్లే" అని వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే, షోరూమ్‌వాళ్లు వేసిన కొత్త చైనును తుడుస్తూ చూశాను. క్లిప్పు ఉల్టాగా ఉంది. మొదటిసారీ వాళ్లు ఇట్లాగే పెట్టి ఉంటారని అప్పుడర్థమైంది. పకడుతో తీసి సరిగా పెట్టుకున్నాను. పక్క వాటా తలుపు తెరిచే ఉంది. పది అడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు. ఇవాళ వద్దు, రేపు అనుకుంటూ ఉండగానే వాళ్లు ఉప్పుగూడలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు.

కబురు తెలిసిన సాయంత్రమే వెళ్లాను. వదిన నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టింది.

"గా యాక్సిడెంటయినంక మీ అన్న ఎవ్వల బండి ముట్టలేదయ్యా," అంది. "పానాలన్ని మూటగట్టి అటక మీద పడేసిండు. 'చైను నేనే ఎక్కువ బిగించిన్నేమో, చెల్లె చెయ్యి ఇరగ్గొట్టిన' అని ఎన్నిసార్లన్నడో."

చెప్పాను. పిలిచింది నేనేనని, తప్పు షోరూమ్‌దని, అది నాకు ఏళ్లుగా తెలుసని. తల ఎత్తకుండానే చెప్పాను.

ఆమె, "గీ ఒక్క మాట ఆయనకు చెప్పకపోతివి" అంది. కోపంగా అన్నా బాగుండేది.

బయటికొచ్చి బండి స్టాండు తీశాను. ఆ ఇంటి ముందు కిక్కు కొట్టడానికి కాలు లేవలేదు. గల్లీ చివరిదాకా తోసుకుంటూ పోయాను. మలుపులో వెనక్కి తిరిగి చూస్తే వదిన ఇంకా గుమ్మంలోనే ఉంది, తలుపు రెక్క పట్టుకుని.