లోవమ్మ వేలు

స్టీలు బల్లలకు అటూ ఇటూ అరవై మంది ఆడపిల్లలు నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. తెల్లకోటు, తెల్లటోపీ, మూతికి మాస్కు, కాళ్లకు గంబూట్లు. కళ్లు తప్ప మనిషి కనపడదు. నూకరత్నం రోజూలాగే వాళ్ల చేతులు చూడకూడదనుకుంటూ తన చోటికి నడిచింది. రోజూలాగే చూసేసింది. అరవై ఎడమ చేతుల్లోనూ ఉంగరం వేలు నిటారుగా పైకి లేచి ఉంది.

అది ఆ పిల్లల వేలు కాదు. లోవమ్మ వేలు. లోవమ్మ పోయి మూడేళ్లు దాటింది.

నూకరత్నానిది కాకినాడ హార్బరు పక్కన పేట. పుట్టింట్లో వల, అత్తింట్లో బోటు, పెళ్లికి ముందు నెత్తిన చేపల తట్ట. పెళ్లయిన రెండో ఏడు తోడికోడలు లోవమ్మే ఆమెను వెంటబెట్టుకుని ఈ రొయ్యల ప్లాంటుకు తీసుకొచ్చింది. అప్పట్లో ట్రైనింగ్ అనే మాటే లేదు. కొత్తమ్మాయి పాతావిడ పక్కన నిలబడాలి, తిట్లు తినాలి, నేర్చుకోవాలి.

"ఒసే, రొయ్యని పట్టుకోమన్నాను గానీ పీక పిసకమన్లేదు. అదేమన్నా నీ మొగుడా?" అనేది లోవమ్మ. షెడ్డంతా నవ్వేది. నవ్వుతూనే ఆవిడ నూకరత్నం చేతిమీద చెయ్యేసి, కత్తి మొన రొయ్య వీపులో ఎంత దిగాలో, నల్లటి నరం తెగకుండా ఎలా లాగాలో చూపించేది. నాలుగు రొయ్యలు అరచేతిలో ఎగరేసి కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేసేది. కాటా పెట్టి చూస్తే ఒకటి అటో ఇటో.

నూకరత్నానికి ఎడంపక్క గోడ, కుడిపక్క లోవమ్మ. అదీ వాళ్ల చోటు.

పదిహేనేళ్ల కిందట ఒక శ్రావణమాసం మధ్యాహ్నం నూకరత్నం ఎవరి మాటకో పగలబడి నవ్వుతూ కత్తి విసురుగా లాగింది. మొన జారి పక్కనున్న లోవమ్మ ఎడమచేతి ఉంగరం వేలి మొదట్లో దిగింది. ఐసు ఎర్రబడింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చేసరికి లోవమ్మే ముందు నోరు తెరిచింది.

"క్రేటు అంచు గీరుకుందండి."

ఆ తర్వాత తోడికోడలి చెవిలో, "నోరెత్తావంటే చంపుతాను. నీ పని పోద్ది" అంది.

లోపలి నరం తెగింది. కుట్లు పడ్డాయి గానీ వేలు మళ్లీ మడత పడలేదు. దాన్ని అలా పైకి పెట్టుకునే లోవమ్మ పన్నెండేళ్లు పనిచేసింది. ఎవరైనా అడిగితే "మీ అందరికంటే నాకో వేలు ఎక్కువలే" అనేది. నూకరత్నం కత్తి అందుకున్నప్పుడల్లా మాత్రం ఒక్క మాట అనడం మానలేదు. "కుడేపు చూసుకోవే, నూకా." ఆ వేలి సంగతి ఇద్దరికే తెలుసు. తర్వాత ఒక్కరికే.

మొదటి లాక్‌డౌన్ సడలించాక ప్లాంటు సగం మందితో తెరిచారు. మనిషికీ మనిషికీ దూరం ఉండాలి. చెయ్యి పట్టుకుని నేర్పకూడదు. పై రాష్ట్రాలవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వస్తున్నారు, వాళ్లకెవరు నేర్పాలి? కంపెనీవాళ్లు లోవమ్మ చేతుల మీదకి కెమెరా దించి, ఆవిడతో చెప్పించుకుంటూ చిన్న చిన్న వీడియోలు తీశారు. మొహం లేదు. రెండు చేతులు, ఒక గొంతు. మరుసటేడు మే నెలలో లోవమ్మ ఆక్సిజన్ పెట్టిన అంబులెన్సులో వెళ్లింది. నాలుగో రోజున, దూరం నుంచి, ఒక మూట చూపించారు. నూకరత్నం చూసింది మూటనే. అందుకేనేమో, అక్క పోయిందంటే ఆమె మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

రోగం తగ్గింది. బల్లల మధ్య కట్టిన ప్లాస్టిక్ తెరలు పీకేశారు. గేటు దగ్గర జ్వరం చూసే మిషను మూలపడింది. వీడియోలు మాత్రం ఉండిపోయాయి. పాతావిడ పక్కన ఆరు నెలలు నిలబెట్టడం కన్నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి ఆరు రోజులు కూర్చోబెట్టడమే కంపెనీకి నచ్చింది. బ్యాచి తర్వాత బ్యాచి ట్రైనింగ్ రూములోకి వెళ్లడం, లోవమ్మ చేతులతో బయటికి రావడం. కొందరు కత్తిని బల్లకి రెండుసార్లు తట్టి మొదలుపెడతారు. కొందరు నరం లాగాక "పోయింది దరిద్రం" అని గొణుగుతారు. లోవమ్మ పేరు కూడా వాళ్లకి తెలీదు. "వీడియో మేడమ్" అంటారు.

నూకరత్నం ఆ రూములో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఈ జూన్‌లో తప్పలేదు.

"పాతవాళ్లకి కూడా స్కిల్ కార్డు ఉండాలంటున్నారండి రత్నంగారూ" అన్నాడు ట్రైనింగ్ చూసే రమేష్ బాబు. "మూడు ఛాన్సులు. మూడోది కూడా పోతే ఒకటో తారీఖు నుంచి లైన్లో మీ పేరుండదు. మీకేంటండీ, కళ్లు మూసుకుని చేసేస్తారు."

చేసింది. బల్లమీద కెమెరా, ఎదురుగా ట్యాబు. అందులో ఆ చేతులు కదలగానే ఆమె చూపు రొయ్య మీదకి దించేసుకుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది గానీ సౌండు ముందే వినపడనంత తగ్గించేసింది. స్పీడు నూటికి నూరు. చేతి పొజిషను నలభై ఒకటి. ఫెయిల్. మర్నాడు మళ్లీ ఫెయిల్.

"ఉంగరం వేలు లేపాలండి" అన్నాడు రమేష్ బాబు, స్క్రీను మీద ఎర్రగా వెలుగుతున్న చోటు చూపిస్తూ. "ఈ కెమెరా వీడియోతో పోల్చి మార్కులేస్తుంది. మీరు ముడిచేస్తున్నారు."

"అది పద్ధతి కాదు బాబూ. దెబ్బ."

"ఏదైనా స్టాండర్డ్ అదేనండి. ఆడిట్‌వాళ్లకి కూడా పంపేశాం. ఒక్క వేలు లేపడానికి ఇంత ఆలోచనేంటండీ?"

మధ్యాహ్నం క్యాంటీన్లో అశ్విని వచ్చి ఎదురుగా కూర్చుంది. రామచంద్రపురం దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్ల పిల్ల, డిగ్రీ పూర్తయింది, చేరి ఐదు నెలలు. క్యారేజీ గిన్నె ఆమె ముందుకు తోసి, "కొంచెం మూత తియ్యరా అండీ" అంది.

"నీకేమైందే?"

"ఎడం చేత్తో పట్టు చిక్కట్లేదండి." చెయ్యి చాపింది. రొయ్య లేదు, కత్తి లేదు, అయినా ఉంగరం వేలు అలాగే నిలబడి ఉంది. మొదట్లో వాపు. "ముడుద్దామంటే లోపల లాగేస్తుంది. జడ కూడా మా అమ్మే వేస్తుందండి. మా బ్యాచిలో ఇంకో పదిమందికి ఇలాగే ఉంది."

నూకరత్నం మూత తీసిచ్చింది.

"మరి చెప్పలేదే?"

"చెబితే ఏమంటారండీ? వీడియో మేడమ్ అన్నేళ్లు అలాగే చేసింది కదా, నీకేం రోగం అంటారు." అన్నం కలుపుకుంటూ గొంతు తగ్గించింది. "ఒకటడగనా? ఆఖరి వీడియోలో మేడమ్ చేతులు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఎవరినో పిలుస్తుంది. అక్కడికొచ్చేసరికి మాలో ప్రతివాళ్లం ఒకసారి వెనక్కి చూస్తామండి. ఎందుకో మరి. ఎవర్ని పిలుస్తుందో మీకేమన్నా తెలుసా?"

నూకరత్నం తెలీదని తల ఊపింది.

మూడో ఛాన్సు పొద్దున్న పది గంటలకి. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. బయట ఐసు లారీ వెనక్కి వస్తూ కూతలు పెడుతోంది. వేలు లేపితే చాలు, కార్డు వచ్చేస్తుంది. లేపితే అది ఎవరు తెగ్గోసిన వేలో తన చేతే చెప్పినట్టవుతుంది. లేపకపోతే ఇరవై ఏళ్ల చోటు పోతుంది. నోరు విప్పితే, అక్క అప్పుడు కాపాడిన పని ఇప్పుడు తనంతట తనే పోగొట్టుకున్నట్టు. ఇవన్నీ అనుకుంటూనే ఆమె ఈసారి సౌండు పెంచింది. ట్యాబు వైపు చూసింది.

"ముందు తల. అలాగ. కంగారు పడకండి, రొయ్య ఎక్కడికీ పారిపోదు."

చెవిలో కాదు, చెవి పక్కన వినపడింది. అదే చుట్ట పొగ తగిలిన గొంతు. మాటకీ మాటకీ మధ్య ఆవిడ పీల్చే ఊపిరి, మాస్కులోంచి కాస్త బరువుగా. నూకరత్నం చేతులు వాటంతటవే కదిలాయి. వేలు లేవబోయింది. ఆమె లేపలేదు. అదే లేవబోయింది. మొదట్లో సన్నటి నొప్పి, కత్తి మొన ఆనించినట్టు.

ఆఖరి వీడియోలో చేతులు ఆగిపోయాయి. నీళ్లు కారుతున్న చప్పుడు. ఒక ఊపిరి.

"కుడేపు చూసుకోవే, నూకా."

కత్తి ఆమె చేతిలో దానంతటదే ఎడంవైపుకు తిరిగిపోయింది. అరడుగు పక్కకి జరిగి జాగా ఇచ్చి, కుడివైపు చూసింది. ఎవరూ లేరు. కుర్చీ కూడా లేదు. చల్లగా మాత్రం ఉంది, ఐసులో చెయ్యి పెట్టి తీసిన మనిషి పక్కనుంటే ఎలా ఉంటుందో అలా.

నూకరత్నం హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"రమేష్ బాబుగారూ, ఆ వేలు నేను కోశాను."

అతనికి ముందు అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పింది. నవ్వు, కత్తి, క్రేటు అంచనే అబద్ధం, పన్నెండేళ్లు మడవని వేలు. "నా పని తీసేస్తే తీసేయండి. ఆ పిల్లల వేళ్లు ముడవనివ్వండి. మా అక్క దెబ్బ అరవై మందికి నేర్పించారు మీరు."

అతను ట్యాబు ఆపేశాడు. తర్వాత, "మా ఆఫీసులో ఎవరూ అడగలేదండి, ఆ వేలు ఎందుకలా ఉందని" అన్నాడు. "నేనూ అడగలేదు."

డాక్టరు వచ్చి పిల్లల చేతులు చూశాడు. పదకొండు మందిని నెల్లాళ్లు ప్యాకింగుకి మార్చారు. పదిహేనేళ్ల నాటి తప్పుకి ఏం చెయ్యాలో కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేదు గనక ఎవరూ ఏమీ చెయ్యలేదు. స్టాండర్డ్ మార్చాలి, కొత్త వీడియోలు కావాలి, అన్నేళ్ల చేతులు మిగిలింది ఒక్కరికే. అలా కెమెరా ఈసారి నూకరత్నం చేతుల మీదకి దిగింది. వేలు ముడిచి, నిదానంగా, నాలుగు రోజులు ఒలిచి చూపించింది. పాత వీడియోలు ట్యాబుల్లోంచి తీసేశారు. ఆ రాత్రి ఆమె చాన్నాళ్ల తర్వాత కదలకుండా నిద్రపోయింది.

కార్తీకంలో కొత్త బ్యాచి లైన్లోకి వచ్చింది. ఇరవై మంది. నూకరత్నం షెడ్డు గుమ్మంలో ఆగి ముందు చేతులే చూసింది. ఉంగరం వేళ్లు అన్నీ బుద్ధిగా ముడుచుకుని ఉన్నాయి. అశ్విని దూరం నుంచి ఎడమచెయ్యి ఎత్తి గుప్పిట మూసి చూపించింది. నూకరత్నం మాస్కులోనే నవ్వింది.

అప్పుడు రమేష్ బాబు చిరాగ్గా వచ్చాడు.

"రత్నంగారూ, కాస్త వీళ్లకి చెప్పండి. బల్లకి పన్నెండు మంది పట్టాలి, ఆరుగురే పడుతున్నారు. దూరం నిలబడక్కర్లేదు, ఆ రోజులు పోయాయి అంటే వినరే!"

ఆమె మళ్లీ చూసింది. ఇరవై మందీ రొయ్య తీసుకున్నప్పుడల్లా కత్తి మొనని ఎడంవైపుకు తిప్పుకుంటున్నారు. అరడుగు పక్కకి జరుగుతున్నారు. తలవంచి ఒక్కసారి కుడిపక్క చూసుకుంటున్నారు. ప్రతి ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఇరవై మందికీ కుడిపక్క ఎవరో నిలబడి ఉన్నట్టు.

"ఎవరికమ్మా జాగా వదులుతున్నారు?" అని అడిగింది దగ్గరలో ఉన్న పిల్లని.

ఆ పిల్ల కత్తి ఆపకుండానే, "వీడియోలో మీరలాగే చేశారు కదండీ" అంది.

"చెప్పండి మరి" అన్నాడు రమేష్ బాబు.

"ఉండనివ్వండి బాబూ. కత్తితో పని. పక్కన చోటుంటే మంచిదే."

నూకరత్నం తన చోటికి వెళ్లి నిలబడింది. ఎడంపక్క గోడ. కత్తి అందుకుంది. కుడిపక్క చూసుకుంది.