రైలమ్మ తాడు

ఒకప్పుడు ఎనిమిది కొట్టేసరికి రైలమ్మ వీధిలో ఉండేది. ఆమె ప్రభుత్వ బాలబడిలో ఆయా. చేతిలో పొడవాటి తాడు, దానికి మూరకో ముడి. ముడికొకరు పట్టుకుని పిల్లలు వెనకాలే నడిచేవాళ్ళు. మూడు వీధులు తిరిగేసరికి ఇరవైరెండు ముడులూ నిండిపోయేవి. ఆ పేరు అలా వచ్చిందే.

ఇప్పుడు ఆమె గడప దాటేలోపే ప్రైవేటు బడి వ్యాను వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. తాడు సగం నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది.

పదిహేనుమంది లేకపోతే ఈ బడిని లారీల రోడ్డుకు అవతలి బడిలో కలిపేస్తామని పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అక్కడ ఆయా ఉంది కాబట్టి రైలమ్మ అక్కర్లేదు. గడువు ఈరోజే. పేర్లు పద్నాలుగు దగ్గర ఆగాయి.

కాళ్ళీడ్చుకుంటూ, మూడేళ్ళ పిల్లాడున్న దర్జీ ఇంటికి వెళ్ళింది. వేడన్నం పెడతామనీ, మధ్యాహ్నం నిద్రపుచ్చుతామనీ గొంతు ఆరిపోయేలా చెప్పింది. దర్జీ భార్య గుడ్డ కత్తిరిస్తూనే అంతా విన్నది.

"మీ మనవరాలు వ్యానెక్కుతోందిగా పిన్నీ. మీ రైలు మీవాళ్ళే ఎక్కరు, మమ్మల్ని ఎక్కమంటారేంటి?"

రైలమ్మ లేచి గుమ్మం దాటింది. నిజమే కదా. ఆ వ్యాను ఒకప్పుడు నడిపింది ఆమె కొడుకే. నీకు మూడేళ్ళు నిండగానే నా వెనక కిటికీ సీటు నీదేనని కూతురికి మాటిచ్చాడు. నిండకముందే జ్వరం వచ్చి పోయాడు. ఇప్పుడు డ్రైవరు వేరు. సీటు మాత్రం పాపదే.

ఇంటికొచ్చేసరికి కోడలికి సంగతి తెలిసిపోయింది.

"పాప పేరు రాయించెయ్యండి అత్తయ్యా. పని లేకపోతే మీరు ఇంట్లో కూర్చోలేరు, నాకు తెలీదా?"

రైలమ్మ మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి అంది. "వద్దులేమ్మా. ఆ సీటు వాడిచ్చాడు. నా కోసం దాన్ని దింపలేను."

సాయంత్రం బడిలో పద్నాలుగు పేర్లతోనే రిజిస్టరు మూసేశారు. రైలమ్మ గిన్నెలు తోమింది, చాపలు దులిపి చుట్టింది. రిజిస్టర్లు కట్టడానికి కావాలి, తాడు ముడులు విప్పి ఇమ్మంది టీచరు. సరేనని రైలమ్మ మెట్టుమీద కూర్చుంది. మొదటి ముడి అన్నిటికన్నా నల్లగా నున్నబడి ఉంది. కొడుకు మూడేళ్ళప్పుడు పట్టుకు నడిచింది అదే.

గోరు పెట్టి చూసింది. విప్పకుండానే చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

కట్టుకున్న పాత చీర అంచు చింపి, రిజిస్టర్లు దీంతో కట్టుకొమ్మని టీచరు చేతికిచ్చింది. తాడును ముడులతోనే మేకుకు తగిలించి, చెప్పులేసుకుంది.