మిద్దె మీద ఎండేసిన పాటలు

మా అత్తకు ఎండ మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. వేసవి వచ్చిందంటే కర్నూల్లోని మా ఇంట్లో కదిలే ప్రతి వస్తువూ మిద్దె ఎక్కాల్సిందే. మిరపకాయలు, చింతపండు, కందులంటే సరే. పరుపులు, పట్టుచీరలు, మా ఆయన ఆఫీసు కోటు, చివరికి గోడ మీది దేవుడి పటాలు కూడా ఒక పూట ఎండ కాచుకుని దిగివచ్చేవి. ఎండ తగలని వస్తువుకు పురుగు పడుతుందని ఆమె గట్టి అభిప్రాయం. నన్ను కూడా ఒకరోజు పైన కూర్చోబెడితే బాగుపడతానని ఆమె మనసులో ఉండే ఉంటుంది. పైకి అనలేదంతే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆయన కొత్త గ్రామఫోను కొన్నాడు. పక్కన కీ తిప్పితే పళ్ళెం తిరిగే పెట్టె. నాది కడప. పెళ్ళికి ముందు పక్కింటి గ్రామఫోనును గోడ ఇవతల నిలబడి విన్నదాన్ని. అలాంటి పెట్టె మా ముందుగదిలోకి రాగానే నాకు రాజ్యం చేతికొచ్చినట్టయింది. మా అత్తకు మాత్రం ఇంట్లోకి రెండో కోడలు దిగినట్టయింది.

"ఎవురో ఆడమనిషి మనింట్లో గొంతెత్తి పాడ్తాంటే వీధిలో పొయ్యేవాళ్ళు ఏమనుకుంటారుమ్మే? ఎవురు పాడ్తాండారని అడిగితే ఏం జెప్పల్ల నేను?" అంది.

"మా కోడలే పాడ్తాండాదని చెప్పత్తా. నాకైనా మంచి పేరొస్తాది."

ఆ పూట నా మజ్జిగలో నీళ్ళే తప్ప మజ్జిగ లేదు.

ఆమెది ఆలూరు దిక్కు పల్లె. మా మామ పోయాక కొడుకు బతిమాలి తెచ్చిపెట్టుకున్నాడు. ఏ చిన్న మాటొచ్చినా "నేను ఊరికి పోతా" అని మూట కట్టేది. కడుతూనే, ఎవరైనా చూస్తున్నారా లేదా అని ఓరగా చూసుకునేది. నేను పోయి "పెరుగు సరిగా తోడుకోలేదత్తా, నాకు చేతగావడంలే" అంటే చాలు, మూట విప్పేది. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఇంతలో రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. గుడారాల్లో, బాడుగిళ్ళలో సర్దుకుపోయి ఉన్న ఉద్యోగులంతా సామాన్లు కట్టుకోసాగారు. మా ఆయనది జిల్లా కచేరీలో పని కాబట్టి మాకు కదిలే బాధ లేదు. వాళ్ళ గ్రామఫోను రికార్డులు బరువు, పైగా రైల్లో పగిలిపోతాయి. ఆ సంగతి కనిపెట్టి నేనూ మా ఆయనా వీడ్కోలు చెప్పే నెపంతో ఇంటింటికీ తిరిగాం. పోయేటప్పుడు సంచిలో మా పొలం శనక్కాయలు, వచ్చేటప్పుడు అదే సంచిలో రికార్డులు. కళ్ళు తుడుచుకుంటున్న ఇల్లాలి వీపు నిమురుతూనే నేను ఆమె అలమర వైపు చూస్తూ ఉండేదాన్ని. కీర్తనలు, సినిమా పాటలు, నాటకాల పద్యాలు, ఒక ఇంటివాళ్ళు ఇచ్చిన ఖవ్వాలీలు, అన్నీ వచ్చి మా అలమర నింపాయి. నిజం చెప్పాలంటే రాజధాని పోయిందని ఊరంతా దిగులుపడుతుంటే నాకు మాత్రం పండగ్గా ఉండింది.

"తినేదాన్నిచ్చి అరిచేదాన్ని తెచ్చుకునేవాళ్ళను యాడా చూళ్ళేదు," అంది మా అత్త. "అవి గూడా ఊరోళ్ళ ఎంగిలి పాటలు!"

ఎంగిలి పాటలు తాను వినననేది. కానీ నేను పాట పెట్టి వంటింటి వైపు చెవి వేస్తే, కవ్వం తాడు తాళం తప్పకుండా ఆడుతూ ఉండేది. ఒకసారి కావాలనే నిదానమైన కీర్తన తీసేసి హుషారైన సినిమా పాట వేశాను. కవ్వం కూడా పరుగందుకుంది. అటు తర్వాత వెన్న త్వరగా కావాల్సిన రోజున ఏ రికార్డు వెయ్యాలో నాకు తెలిసిపోయింది.

ఆ మరుసటి వేసవిలో ఒకరోజు పేరంటానికి పోయి మధ్యాహ్నం తిరిగొచ్చాను. అలమర బోసిగా ఉంది. దొంగలు పడ్డారని కేక వేయబోయాను.

"ఎందుకు అరుస్తావు? మిద్దె మీద ఉండాయి," అంది మా అత్త తాపీగా. "శానా చెమ్మ వాసన కొడ్తాండాయి. ఎవురెవురి ఇండ్లలోనో ఉండొచ్చినాయి గదా. తుడిచి ఎండేసినా."

నిచ్చెన ఎలా ఎక్కానో నాకే తెలియదు. ఆ కాలపు రికార్డుల్లో ఉండేది లక్క. వేడి తగిలితే లక్క ఏమవుతుందో గాజులమ్మే ఎవరినడిగినా చెబుతారు. మిరపకాయల పక్కన వరసగా పరిచిన మా రికార్డుల్లో ఒకటి అంచు లేచి పళ్ళెమైంది, ఒకటి మధ్యలో గుంటపడింది, ఒకటి మట్టిమిద్దె ఎగుడుదిగుళ్ళన్నీ తన ఒంటికి అద్దుకుంది. ఒక ఖవ్వాలీకి మిరపకాయ అతుక్కుపోయింది.

వెనకే ఎక్కివచ్చిన అత్త వంగి ఒకదాన్ని వేలితో తట్టి చూసింది. "రొట్టెల మాదిరి పొంగినాయేమ్మే" అంది చిన్నగా.

మిద్దె నడిమధ్యన, ఏ గోడ నీడా పడని చోటొకటి ఉంది. విత్తనాల గింజలకు తప్ప ఆమె ఆ చోటు దేనికీ ఇచ్చేది కాదు. అక్కడ, తన పెళ్ళినాటి పట్టుచీర మడతపెట్టి, దాని మీద ఒకే ఒక రికార్డు ఉంచింది. అన్నిటికంటే ఎక్కువగా అదే పాడైంది. దొప్పలా ముడుచుకుపోయింది.

"ఇదెందుకు వేరేగా పెట్టినావత్తా?"

"అది బాగా పాడ్తాది గదా. దానికి మంచి ఎండ తగలాలని."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం మా ఆయన వచ్చి చూశాడు. తల్లి ముందు ఎన్నడూ గొంతు పెంచని మనిషి, "కావాలనే చేసినావు నువ్వు! ఆ పెట్టె వచ్చిన్నాటినుంచి నీకు కంటగింపే!" అని అరిచాడు. పట్టుచీర సంగతి చెబుదామని నేను నోరు తెరిస్తే, "నువ్వుండు" అని కసిరాడు. అత్త లోపలికి పోయి మూట కట్టుకుంది. ఈసారి ఓరచూపు లేదు.

పొద్దున్నే ఆమె మూటతో అరుగు మీద కూర్చుంది, ఆలూరు బస్సు వేళ కోసం. మా ఆయన లోపల మూతి ముడుచుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నేను పోయి "పెరుగు తోడుకోలేదత్తా" అన్నాను.

"నేర్చుకో," అంది.

ఆమె పోతే నేను ఎవరితో పోట్లాడాలి? ఎవరిని ఉడికించడానికి పాట పెట్టాలి? ఈ మనిషి లేకుండా నాకు ఈ ఇల్లు వద్దనిపించింది. లోపలికి పోయి ఆ దొప్ప తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇదింక పలకదు. ఆ పాట నాకు సరిగ్గా రాదు. పొయ్యేముందు ఒకసారి పాడి పో అత్తా."

"నాకేం తెల్సు? నేనెప్పుడిన్నా?" అంది. దొప్పను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వీధి వైపు తిరిగి, లోగొంతుతో మొదలుపెట్టింది. తల్లి చిన్నికృష్ణుణ్ణి అన్నానికి పిలిచే పాట అది. పాటకు ముందు వచ్చే ఫిడేలు కూడా వదలకుండా "ఊ ఊ" అంటూ తీసింది. ఒక్క అక్షరం తప్పలేదు.

ఆ రికార్డు మా ఇంటికి వచ్చేటప్పటికే గీత పడి ఉండింది. "ఇంకా రావేమిరా" అనే దగ్గర గ్రామఫోను ముల్లు ఇరుక్కుని అదే మాట మళ్ళీ మళ్ళీ పలికేది. దగ్గరున్న వాళ్ళెవరో వేలితో కొంచెం నెడితేగానీ ముందుకు పోయేది కాదు. మా అత్తకు తెలిసిన పాట అలా ఇరుక్కుని పలికేదే.

"ఇంకా రావేమిరా," అని పాడింది. "ఇంకా రావేమిరా." మళ్ళీ, "ఇంకా రావేమిరా." అంతటితో ముందుకు పోలేదు. అదే మాట అంటూ ఉండిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

సగం గడ్డానికి సబ్బునురుగుతో మా ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. తర్వాత తల్లి పక్కన గొంతుక్కూర్చుని, వేలు చాపి ఆమె భుజాన్ని మెల్లగా నెట్టాడు.

మా అత్త తర్వాతి చరణం అందుకుంది.