నర్సు అనే మాటకు పుట్టిల్లు

1974 వేసవి. సంగారెడ్డిలో ఒక చిన్న ప్రసూతి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. బజారులో కిరాణా దుకాణం నడిపే వాళ్ల కోడలికి కాన్పయ్యాక ఒళ్లు తెలియని జ్వరం వస్తే హైదరాబాద్ పంపించారు. పసికందు, నానమ్మ మా దగ్గర మిగిలారు. డబ్బాపాలు ఆ పాపకు పడలేదు, తాగినవన్నీ కక్కేసేది. ఏడవడానికి కూడా ఆ బిడ్డకు ఓపిక లేదు.

వెట్ నర్స్ దొరికితేనే బతుకుతుందన్నారు డాక్టరమ్మ. అంటే కన్నతల్లికి బదులు పాలిచ్చే ఆడమనిషి. సూదులు వేసే నాకూ ఆమెకూ ఒకే పేరేమిటని అడిగాను. మాటల పుట్టుపూర్వోత్తరాలంటే ఆవిడకు మహా పిచ్చి, బల్ల మీద స్టెతస్కోపు పక్కనే లావుపాటి నిఘంటువు ఉండేది. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారట, ఫ్రెంచికి లాటిన్ నుంచి వచ్చిందట. లాటిన్‌లో ‘నూత్రిక్స్’ అంటే చంటిబిడ్డకు పాలిచ్చి పెంచే ఆమె. మన సంస్కృతంలో తల్లికి పాలు చేపడాన్ని చెప్పే ‘స్ను’ ధాతువుతో దానికి చుట్టరికం ఉందని పండితులు అంటారట. రోగులను చూసుకునేవాళ్లకు ఆ పేరు చాలా తర్వాత వచ్చిందన్నారు.

పక్క గదిలో ఎల్లమ్మ ఉంది. గుమ్మడిదల దగ్గరి పల్లె, భర్తది పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని. పుట్టిన బిడ్డ దక్కలేదు. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టడం అలవాటు. వాళ్ల అత్త అప్పటికే పూలు గుడ్డలో పరుస్తోంది. కట్టేస్తే ఇక ఆశ లేదు. పాప నానమ్మ మాత్రం గడప దాటలేకపోయింది.

“బిడ్డ పోయినామెను ఏ మొఖం పెట్టుకొని అడగాలె నర్సమ్మా?” అంది.

నేనే వెళ్లి అడిగాను. ఎల్లమ్మ గోడవైపు తిరిగింది.

“గివి నా బిడ్డ పాలు. ఇంకొకరికి ఎట్ల ఇయ్యాలె?”

డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. “అందరు నన్ను నర్సమ్మ అంటరు గని, మొదట్ల ఆ పేరు పాలిచ్చే తల్లిదంట ఎల్లమ్మా. ఆ బిడ్డను నేను బతికియ్యలేను. నువ్వు బతికియ్యగలవు.”

ఎల్లమ్మ ఇటు తిరిగి, అత్త చేతిని మెల్లగా పక్కకు జరిపి, “తీస్కరా, జెర సూస్త,” అంది.

పాప మొదట నోరు తెరవలేదు. ఎల్లమ్మ రెండు చుక్కలు పిండి పెదాలకు రాసింది. పాప పట్టుకొని గుటకలు వేస్తుంటే, బిడ్డ పోయాక మొదటిసారి ఆమె బావురుమంది. గడపలో నానమ్మ, గదిలో నేను కూడా ఏడ్చాం.

తల్లి కోలుకొని వచ్చేదాకా ఎల్లమ్మే పాలిచ్చింది. మందులివ్వడం, కట్లు కట్టడం నాకు ట్రైనింగ్‌లో నేర్పారు. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర ఇవ్వడానికేమీ మిగల్లేదని మనమే తేల్చేసి, అడగకుండా వెనక్కి రాకూడదని మాత్రం ఎల్లమ్మ దగ్గరే నేర్చుకున్నాను.