చనిపోయిన పెళ్ళికొడుక్కి ఉయ్యాల

ఆ వార్త మా ఇంటికి మొదట తెచ్చింది వీరాంపట్టినం నుంచి చేపల గంప ఎత్తుకొచ్చే అత్త. చుట్టరికం ఏమీ లేకపోయినా మేమంతా ఆమెను అత్తా అనే పిలిచేవాళ్ళం. ఆ రోజు ఆమె గంప దించకుండానే వాకిట్లో నిలబడి కేక వేసింది.

"ఏమ్మే పాపా, మీ నాయనమ్మ యాడ? మూలకుళంలో మీకు కాబోయే వియ్యాలోళ్ళు ఇంటిల్లిపాదీ తలకు పోసుకున్నారంట. మీ చిన్నాయన పోయినాడని!"

నాయనమ్మ గరిటె చేతిలో పట్టుకునే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవురు పోయింది? మొన్ననే గదా వాడు ఊరగాయ పంపించమని మద్రాసు నుంచి కబురంపింది!"

"నాకేం తెలుసక్కా. ముసలామె మొదలుకొని చంటిబిడ్డ దాకా తడిబట్టలే. ఎట్ల పోయినాడమ్మా అని అడిగితే, తల తెగి అన్నారు."

తల తెగి అన్న మాట చెవిన పడగానే నాయనమ్మకు ఊపిరి తిరిగొచ్చింది. గరిటె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, అరుగు మీద కూర్చుంది.

"ఓ, అదా! సినిమాలో పోయినాడు."

అత్త కూడా గంప దించింది. "మళ్ళానా?"

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మొదట్లో, ఫ్రెంచివాళ్ళు ఏలే మా ఊరి రేవులో ఓడలకు శెనక్కాయల మూటలు ఎక్కించేవాడు. అందరిలా వీపు మీద మోసే ఓపిక ఆయనకు లేదు, విసిరేవాడు. పడవలో నిలబడ్డవాళ్ళు దేవుణ్ణి తలచుకుని పక్కకు తప్పుకునేవారు. ఒకనాడు సిపాయిలకు కసరత్తు నేర్పే ఫ్రెంచి దొర ఒకాయన ఆ విసురుడు చూసి, మూటకు బదులు చేతిలో ఒక ఇనుప గుండు పెట్టాడు. స్వామి దయ, ఆ గుండే మా చిన్నాయనను ఓడెక్కించి, సముద్రాలు దాటించి, ఒలింపిక్ పందేల దాకా తీసుకుపోయింది.

పతకం రాలేదు. ఎవరైనా అడిగితే దాచేవాడు కాదు. "నేను బాగానే విసిరినాను. మిగిలినోళ్ళు ఇంకొంచెం బాగా విసిరినారు" అనేవాడు.

మా వీధివాళ్ళకు అర్థం కానిది పతకం సంగతి కాదు. పక్కింటి పెద్దమ్మ అడగనే అడిగింది. "అయితే గుండు తెచ్చినావా నాయనా?"

"లేదు పెద్దమ్మా, ఆడనే ఇచ్చేసినాను."

"నెల రోజులు ఓడలో పోయి గుండు పారేసి వచ్చినావా? మన సముద్రం ఏమన్నా చిన్నదా?"

ఒలింపిక్ అన్న మాట ఎట్లాగో మద్రాసు సినిమా కంపెనీ చెవిన పడింది. వాళ్ళు వచ్చి, ఆయన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, రాక్షసుడి వేషానికి తీసుకుపోయారు. అక్కడ కొండలన్నీ గుడ్డతో, వెదురుబద్దలతో చేసినవట. ఇనుముకు అలవాటుపడ్డ చేయి కదా, మొదటి రోజే ఒక పర్వతాన్ని ప్రహరీగోడ దాటించి పక్కవీధిలో పడేశాడు. ఆ వీధివాళ్ళు దాన్ని తిరిగివ్వడానికి చాలా గొడవ పెట్టారని చెప్పి నవ్వేవాడు.

కొండల కన్నా ఆయనకు పేరు తెచ్చింది చావు. బాణం తగిలినా, గద తగిలినా, ఒక పట్టాన పడేవాడు కాదు. తూలి, లేచి, స్తంభాన్ని కౌగిలించుకుని, దాన్ని కూడా కూల్చి, అప్పుడు పడేవాడు. ఆ పడటం చూడడానికే జనం రెండోసారి వచ్చేవారు. మా నాయనమ్మ మొదట్లో ఏడ్చేది. తర్వాత అలవాటుపడింది.

"ఈసారి ఎవురి చేతిలో రా?" అని అడిగేది, ఇంటికి వచ్చినప్పుడు.

"స్వామి చేతిలోనే అమ్మా."

"అట్లయితే మోక్షమే. అన్నం తిను."

మోక్షం సరే, పెళ్ళి మాటే కష్టమైంది. సినిమా వేషగాడికి పిల్లనిచ్చేవారు మా వాళ్ళలో లేరు. చివరికి మూలకుళంలో ఒక రైతు కుటుంబం ఒప్పుకుంది. పిల్లకు తల్లిదండ్రులున్నా, ఆ ఇంట్లో మాట ఆ పిల్ల అవ్వది. ఆమె ఒప్పుకుని తాంబూలాలు మార్చుకుంది. ఆ సంబంధం కుదిరిన రోజు నాయనమ్మ దేవుడి ముందు ఎంతసేపు సాష్టాంగపడిందంటే, నిద్రపోయిందేమోనని నేను వెళ్ళి చూశాను. ఇది తప్పితే ఇంకొకటి లేదని ఆమెకు తెలుసు.

ఇక పెళ్ళిచూపులు. చిన్నాయనకు షూటింగు వదిలి రావడం కుదరక, తాంబూలాలే ముందు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆయన సినిమా మా ఊరి సినిమా డేరాకు వచ్చింది. మూలకుళం అవ్వ, "పిల్లోడు రాకుంటే ఏంది? బొమ్మ వచ్చింది గదా. దాంట్లోనే చూస్తాం" అంది.

రెండెడ్ల బళ్ళు కట్టుకుని వచ్చారు. పళ్ళేలలో పూలు, పండ్లు, పసుపు కుంకుమ. డేరాలో అందరికన్నా ముందు చాప పరుచుకుని కూర్చున్నారు. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు తెర ముందు తల వంచుకుని కూర్చుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

"తలెత్తి చూడవే," అంది అవ్వ. "ఆ అబ్బయ్య నిన్ను చూళ్ళేడులే."

చిన్నాయన వచ్చాడు. తెర నిండిపోయింది. అవ్వ కళ్ళు చిట్లించి చూసి, నా వైపు వంగింది.

"ఆ కొమ్ములు?"

"అతికించినవి అవ్వా."

"కోరపండ్లు?"

"అవీ అంతే."

"భుజాలు?"

"అవి మావే."

"సెరి," అంది అవ్వ తృప్తిగా. పెళ్ళికూతురు అప్పటికే తలెత్తి చూస్తోంది.

ఒక కొండ, రెండు కొండలు విసిరాక, స్వామి చక్రం రానే వచ్చింది. తల ఒకవైపు, మొండెం ఒకవైపు పడ్డాయి. కిందపడ్డ తల ఇంకా పళ్ళు కొరుకుతూనే ఉంది. డేరా అంతా ఈలలు. మా నాయనమ్మ కూడా గర్వంగా చుట్టూ చూసింది. అవ్వ మాత్రం లేచి నిలబడి, పళ్ళేలు సర్దమని చెప్పింది.

"ఏందవ్వా, ఇంకా బొమ్మ ఉంది," అన్నాను.

"మావోడు పోయినాక ఇంకెవురి కోసం చూసేది?" అంటూ బండెక్కింది.

మర్నాడే చేపల అత్త ఆ వార్త తెచ్చింది.

నాయనమ్మా, మా నాయనా వెంటనే మూలకుళం బయలుదేరారు. నన్నూ తీసుకెళ్ళారు. అవ్వ మర్యాదగా కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. ఆ తర్వాత తాంబూలం పళ్ళెం తెచ్చి మా ముందు పెట్టింది.

"వదినా, తప్పు పట్టుకోబాక. తాంబూలం పుచ్చుకున్నాక పిల్లోడు మావోడు. మావోడు కండ్ల ముందర పోతే నీళ్ళు పోసుకోకుండా ఉంటామా? పోసుకున్నాం. పోసుకున్నాక మా ఇంటి వరకు ఆ పిల్లోడు లేడు. లేనోడికి పిల్లనెట్ల ఇచ్చేది?"

"అమ్మా, వాడు మద్రాసులో ఇడ్లీలు తింటా ఉండాడు," అన్నాడు మా నాయన.

"తిననీ నాయనా. నూరేండ్లు సల్లగా ఉండనీ. మా ఇంటికి మటుకు పోయినాడు."

"అది బొమ్మ గదమ్మా!"

"నాకు తెలీదా? బొమ్మే. మేము పోసుకున్న నీళ్ళు బొమ్మవి గాదే."

నాయనమ్మ ఆ పళ్ళెం వైపు చూడలేక గోడవైపు చూస్తూ కూర్చుంది. తలుపు వెనక నుంచి పెళ్ళికూతురు నన్ను సైగ చేసి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పాపా, మీ చిన్నాయన మళ్ళా పుట్టే దారేమన్నా ఉందేమో మీ పురోహితుణ్ణి అడగమని మీ నాయనమ్మతో చెప్పు. నాకు ఆయనే కావాల" అని నా చెవిలో చెప్పి లోపలికి పారిపోయింది.

నేను అదే మాట నాయనమ్మ చెవిలో వేశాను. పళ్ళెం అక్కడే వదిలి అందరం పురోహితుడి ఇంటికి పోయాం. మా అదృష్టం, దారి ఉంది.

"పోయినాడనుకొని నీళ్ళు వదిలేసిన మనిషి తిరిగొస్తే, మళ్ళా పుట్టించాల," అన్నాడాయన. "జాతకర్మ మొదలుకొని, ఉయ్యాల, నామకరణం, అన్నీ చెయ్యాల. మా తాత ఒకసారి చేయించినాడు. నా చేతులు ఉబలాటపడతా ఉండాయి."

అవ్వ కూడా సరేనంది. కానీ తన కళ్ళతో చూడాలంది.

చిన్నాయన రైలు దిగి వచ్చాడు. షూటింగు ఇంకా ఉంది గనుక రాక్షసుడి మీసాలు అట్లాగే ఉన్నాయి. సంగతంతా విని తల గోక్కున్నాడు. "చావమంటే ఎట్లయినా చస్తాను వదినా. పుట్టేది నాకు ఎవురూ నేర్పలేదే!" అన్నాడు మా అమ్మతో.

ఒంటికి నెయ్యి రాసి, నీళ్ళు పోసి, పుట్టిన బిడ్డకు చుట్టినట్టు నాయనమ్మ పాత చీర చుట్టారు. ఒక చీర చాలలేదు, మా అమ్మది కూడా చుట్టారు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఆయన కూర్చోగానే పర్రుమని చిరిగింది. చేపల అత్త నవ్వి నవ్వి, వీరాంపట్టినం పోయి పెద్ద వల తెచ్చింది. వలలో చిన్నాయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాడు. దూలం మూలిగింది. ఆడవాళ్ళు జోల పాడారు, పాడలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఉగ్గుగిన్నెతో తేనె పోశారు. పసిబిడ్డకు ఆముదం పొయ్యకపోతే ఎట్లా అని అవ్వ అదీ పోయించింది. ఆయన మీసాల మీదుగా మింగాడు.

అంతా అయిందనుకున్నాం. అవ్వ ముక్కు మీద వేలు వేసుకుంది.

"బిడ్డ ఏడవలేదే?"

పురోహితుడు తడుముకున్నాడు. "మంత్రాల్లో ఏడుపు లేదమ్మా."

"మీ మంత్రాల్లో లేకుంటే నాకేంది? ఏడవని బిడ్డ బతికినట్టా?"

చిన్నాయన గొంతు సవరించుకుని ఏడ్చాడు. ఇంటిముందు కట్టేసిన ఎడ్లు తాడు తెంపుకున్నాయి.

"ఇది పుట్టిన ఏడుపు గాదు, సచ్చే ఏడుపు!" అంది అవ్వ. మళ్ళీ ఏడ్చాడు. మళ్ళీ అదే గర్జన. ఎన్నిసార్లు ప్రయత్నించినా చక్రం తగిలినప్పటి అరుపే వస్తోంది. కోడలు కావలసిన పిల్ల, మూలకుళంవాళ్ళ వెనక, మునివేళ్ళ మీద లేచి చూస్తోంది. అవ్వ పెదవి విరిచి, పోదాం పదండన్నట్టు తనవాళ్ళ వైపు తిరిగింది. రెండడుగులు వేసింది. ఏమనుకుందో, వెనక్కి వచ్చి, వల కన్నంలోంచి చేయి పెట్టి, మంత్రసాని గిచ్చినట్టు ఆయన తొడను గట్టిగా గిచ్చింది.

"అమ్మా!"

సన్నటి, చిన్న గొంతు. ఆయనకు అట్లాంటి గొంతు ఉందని నాయనమ్మ కూడా మరచిపోయినట్టుంది.

"పుట్టినాడు," అంది అవ్వ. తన కళ్ళు తుడుచుకుని, వలలోంచే ఆయన తల నిమిరింది. "నాయనా, ఒకే మాట. ఇంక సావబాక. ఇంకోసారి నీళ్ళు పోసుకునే ఓపిక ఈ ముసలిదానికి లేదు."

"సావను అవ్వా," అన్నాడు చిన్నాయన వలలోంచి.

ఆ నెలలోనే పెళ్ళయింది. మాట ఇచ్చినవాడు మాట మీద నిలబడ్డాడు. చావని రాక్షసుడు ఎందుకని కంపెనీవాళ్ళు మొత్తుకున్నారు. ఒక సినిమాలో చివర రాక్షసుడు మనసు మారి భజన చేసినట్టు పెట్టి చూశారు. జనం బెంచీలు విరిచారు. ఆ తర్వాత ఆయనకు రాజుగారి వాకిట్లో ఈటె పట్టుకుని నిలబడే వేషమే మిగిలింది. ఎన్నో సినిమాల్లో, ఎందరో రాజుల వాకిళ్ళ ముందు నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఎక్కడా పడలేదు. మా పిన్ని ప్రతి సినిమాకూ వెళ్ళి, సింహాసనాన్ని వదిలేసి వాకిలినే చూసేది.

ఇద్దరూ పిల్లాపాపలతో చల్లగా బతికారు. దానికి స్వామికి దండం పెట్టుకుంటాను. ఇది చదివినవారిని ఒక్కటే కోరుతున్నాను. ఎప్పుడైనా తలకు నీళ్ళు పోసుకునేటప్పుడు మూలకుళం అవ్వను ఒక్కసారి తలచుకోండి. ఎదురుగా ముఖం చూడని పిల్లవాణ్ణి ఆమె మావోడు అనుకుంది.