ఆఖరి చుట్టులో ఎడమకాలు

మా చిన్నాయన చనిపోయి నెల దాటింది. కామెర్లు ముదిరి పాలమూరు దవాఖానలో కన్నుమూశాడు. ఆయన్ని ఎరిగినవాళ్లకు ఈపాటికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అయినా నేను ఇప్పుడే రాయవలసి వస్తున్నది. హోలీకి ముందు ఆదివారం జడ్చర్ల చెల్కలో మళ్లీ కార్ల పోటీ ఉంది. చిన్నాయన నడిపిన కారును ఈసారి నేను నడపబోతున్నాను. కిందటి పోటీలో, తన ఆఖరి చుట్టులో ఆయన ఏదో ఒకటి కొత్తగా చేశాడు. అదేమిటో నాకు తెలియదు. దాన్ని పక్కనే కూర్చుని చూసిన మనిషి ఒకరున్నారు. ఆయన ఈ పత్రిక చదువుతారేమోనని నా ఆశ.

ఆ పోటీ గురించి తెలియనివారికి రెండు మాటలు. జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన పంట తీసేసిన ఎర్ర చెల్క ఉంది. ఏడాదికి రెండుసార్లు, దసరా పోయాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి, కార్లంటే సరదా ఉన్న డాక్టర్లు, వకీళ్లు, వ్యాపారస్థులు అక్కడ చేరతారు. రోడ్డు పనిలో మిగిలిన ఖాళీ తారు డ్రమ్ములను వంకరటింకరగా నిలబెట్టి, బయలుదేరే చోట సున్నంతో గీత గీస్తారు. ఒక్కో కారు ఒంటరిగా ఆ డ్రమ్ముల మధ్య నుంచి తిరిగి రావాలి. డ్రమ్ము తగిలిందో లేదో చూడడానికి నిర్వాహకుల మనిషి ఒకరు డ్రైవరు పక్కన కూర్చుంటారు. అక్కడ పెద్ద వేగమేమీ కుదరదు. మలుపును ఎంత నేర్పుగా తిరిగామన్నదే పోటీ.

చిన్నాయన ఆ పోటీకి వచ్చే ఒక డాక్టరు గారి దగ్గర డ్రైవరు. కారు ఆ డాక్టరు గారిదే. అంతకుముందు కోస్గిలో మా ఇంట్లో, మా బాపు మగ్గం పక్కనే ఆయన మగ్గం ఉండేది. నూలు సరిగ్గా దొరకని రోజుల్లో దాన్ని వదిలి లారీల మీదికి పోయాడు. డాక్టరు గారికి పోటీ చూడడమే సరదా, నడపడం కాదు. "నువ్వు నడుపవయ్యా, నేను చూస్త. గా డ్రమ్ముల నడుమ నన్ను చూసిందంటే మా ఇంటామె దవాఖాన బంద్ చేపిస్తది" అనేవారు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు జడ్చర్లలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తున్నాను. చిన్నాయనకు చదువు రాదు. ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఏం చేస్తె కారు ఎట్ల తిరిగిందో నాకు యాదికుంటలేదు. జర రాసిపెడ్తవా?" అన్నాడు. బళ్లో ఆటలు నేర్పే మాస్టారి దగ్గర సెకన్ల గడియారం అడిగి తీసుకున్నాను. ఆ రోజు మొదలు దాదాపు ప్రతి ఆదివారం ఉదయం మేమిద్దరం ఆ చెల్కలోనే, డ్రమ్ములను పోటీలో ఉన్నట్టే నిలబెట్టుకుని ఉన్నాం. నాకు కారు నడపడం వచ్చింది కూడా అక్కడే.

మొదటి రోజే తప్పు చేశాం. వెనక చక్రాల్లో గాలి తగ్గించాం. బరువు తగ్గుతుందని డిక్కీలోంచి అదనపు చక్రాన్ని కూడా తీసి పక్కన పెట్టాం. కారు ముందుకన్నా నెమ్మదిగా వచ్చింది.

"తేలికైతె ఉర్కాలె గద చిన్నాయనా! గాలి తీసినందుకా, చక్రం తీసినందుకా?"

"ఇద్దర్ని ఒక్కపారి కొట్టినం బిడ్డా. ఎవడు ఏడ్చిండో ఎట్ల తెలుస్తది?" అని నెత్తి గోక్కున్నాడు.

అప్పటినుంచి ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది మా కట్టుబాటు. తరువాతి ఆదివారం గాలి మళ్లీ మునుపటంత పెట్టి, చక్రం మాత్రం తీశాం. సబ్బు మీద కాలేసినట్టు కారు వెనకభాగం జారిపోయింది. ఈ కారును తోసేవి వెనక చక్రాలు. పైన బరువు లేకపోతే అవి వదులు మన్నులో ఊరికే తిరుగుతాయి. అయితే బరువు ఎక్కువ పెడితే మంచిదేమోనని ఇసుక బస్తా వేసి చూశాం. మొదటి డ్రమ్మునే గుద్దుకుని వచ్చాం. చివరికి అదనపు చక్రం ఒక్కటే తిరిగి తన చోటికి చేరింది.

గాలి సంగతిలో ఆయన అలవాటు వింతగా ఉండేది. గాలి కొట్టే దుకాణంలో కొలిచే ముందే బొటనవేలితో టైరు నొక్కి, పిడికిలితో తట్టి, ఎంత ఉందో చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది. "పడుగును గిట్లనే చూస్తం గద. ఎక్కువ గుంజితె పోగు తెగుతది, వదిలితె గుడ్డ పలచనైతది" అనేవాడు.

నా నోటుపుస్తకంలో రెండు గడులు గీయించింది కూడా ఆయనే. ఒకటి 'అనుకున్నది', రెండోది 'అయింది'. ఏ మార్పు చేసినా, చుట్టు తిరగకముందే నేను మొదటి గడి నింపాలి. "ముందుగల్ల నీకేమనిపిస్తుందో రాయి. అయినంక అందరు చెప్తరు" అనేవాడు. ఆ మొదటి గడి నిండా నా తప్పులే. ఒక్కసారి మాత్రం నాది నిలబడింది. ఆయన ఒక్కో చుట్టులో మూడు నాలుగుసార్లు గేరు మార్చేవాడు. మార్చిన ప్రతిసారీ కారు తడబడుతున్నట్టు నాకు బయటినుంచి కనిపించేది. బయలుదేరాక రెండో గేరులోనే అంతా తిరిగి రమ్మన్నాను. మూడు సెకన్లు తగ్గింది. ఆయన కారు దిగి, గడియారం తన చెవి దగ్గర పెట్టుకుని చూసి, "బందు పడ్డదనుకున్న. నడుస్తనే ఉన్నది. బడికి తోలిన కష్టం ఇయ్యాల తీరింది" అన్నాడు.

ఇక ఆ ఆఖరి పోటీ. ఒక్కో కారుకు రెండు చుట్లు. మొదటిది మామూలుగానే తిరిగాడు. రెండోదానికి ముందు చెప్పులు విడిచి సున్నపు గీత పక్కన పెట్టి కారెక్కాడు. ఎప్పుడూ చెప్పులతోనే నడిపే మనిషి. పట్టీ తెగిందేమో అనుకుని, వాటిని తీసి చేత పట్టుకున్నాను.

మలుపు వచ్చినప్పుడల్లా ఆ కారు ముక్కు వంచి, మళ్లీ లేచి, ఆ తరువాత తిరిగేది. ఎన్ని ఆదివారాలు చూశానో ఆ తలూపుడు! ఆ చుట్టులో అది లేదు. మగ్గంలో నాడె అటునుంచి ఇటు వచ్చినట్టు, ఆగకుండా, అదరకుండా వచ్చింది. గడియారం చూస్తే మా రోజులన్నిటికన్నా రెండు సెకన్లు తక్కువ. మొదటి స్థానం వేరేవారికి పోయింది. ఆయనకు అది పట్టనే లేదు.

"ఏం మార్చినవ్ చిన్నాయనా?"

"రాయి ముందు."

"చెప్పరాదె!"

"చెప్తె నీ గడి ఎవరు నింపాలె? రాయి. తప్పైతె ఆదివారం చూపిస్త."

'గాలి' అని రాసి చదివి వినిపించాను. "గాలి కార్ల లేదు, నీ తలకాయల ఉన్నది" అని నవ్వి, నా చేతిలోంచి చెప్పులు తీసుకుని వేసుకున్నాడు.

ఆ ఆదివారం రాకముందే ఆయన కళ్లు పసుపుపచ్చబడ్డాయి. దవాఖానకు పోయినప్పుడు నోటుపుస్తకం నా సంచిలోనే ఉంది. మంచం చుట్టూ చుట్టాలు. అటువంటి మనిషిని కారు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే సంచి వైపు చూసి, "రాసినవా?" అన్నాడు.

"ఇంక లేదు చిన్నాయనా."

"మంచిగ ఆలోచించు. తొందరేం లేదు."

ఆ తరువాత ఆయన నాతో మాట్లాడలేదు.

పదకొండో రోజున గడప పక్కన ఆయన చెప్పులు చూశాను. పట్టీ ఎక్కడా తెగలేదు, కుట్టు కూడా లేదు. అంటే కావాలనే విడిచాడు. ఉత్త కాళ్లతో నడపడం ఎందుకు? చుట్టంతా రెండో గేరే అయినప్పుడు క్లచ్చు తొక్కవలసిన ఎడమకాలికి పనేముంది? మగ్గం గుంతలో కూర్చున్నవాడి కాళ్లు రెండూ కింది చెక్కల మీదే ఉంటాయి. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తుంది, నడుమ సందు ఉండదు. కారులో అయితే కుడికాలే యాక్సిలరేటరు వదిలి బ్రేకు మీదికి పోయి రావాలి, ఆ సందులోనే కారు తలూపేది. మొదటి గడిలో ఇలా రాశాను: 'ఎడమకాలితో బ్రేకు. కుడికాలు ఎత్తకుండానే.'

డాక్టరు గారిని పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూశాను. క్లచ్చుకు అలవాటైన నా ఎడమకాలు బ్రేకును కూడా కిందికంటా తొక్కేసింది. కారు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. డాక్టరు గారి కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి.

"గిదేంది తల్లీ, నా దవాఖానల నన్నే పండవెడ్తవా?" అన్నారు. అద్దాలు తుడుచుకుని, మెల్లగా, "ఆయన ఇదే చేసిండని రూఢి ఐతె చెయ్యి. లేకుంటె పాత తీరుగనే నడుపు. ఈ పోటీ అయినంక కారు అమ్ముతున్న" అన్నారు.

కాబట్టి నాకున్నది ఈ ఒక్క పోటీ.

ఇప్పుడు సెలవు దొరికిన ప్రతిసారీ కోస్గి పోయి, చిన్నాయన వదిలిపోయిన మగ్గం గుంతలో దిగుతున్నాను. మా బాపుకు నవ్వాగదు. "నిన్ను గీ గుంతల దిగనియ్యొద్దనే బడికి తోలిన. మాస్టరమ్మవైనంక దిగుతున్నవా?" అంటాడు. మళ్లీ తనే వంగి చూసి, "మడిమెతోని గుద్దకు. మునివేళ్లు ఆనియ్యి. చెక్క పోతాందా లేదా కాలికి తెల్వాలె" అంటాడు. కాలు కొద్దికొద్దిగా మెత్తబడుతున్నది. కానీ రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇది ఆయన కనిపెట్టిందా, నేను కల్పించుకున్నదా?

ఆ చుట్టులో చిన్నాయన పక్కన కూర్చున్న పెద్దమనిషి తెల్లటోపీ పెట్టుకున్నారు, చేతిలో పెన్సిలు ఉంది. పేరు నాకు తెలియదు. అయ్యా, డ్రమ్ములు చూస్తూ చూస్తూ ఒక్కసారైనా మీ చూపు కిందికి పోయిందా? ఆ ఎడమకాలు ఎక్కడుంది? చూడలేదంటే చూడలేదనే రాయండి, అదీ నాకు కావలసిన మాటే. మీరెవరో తెలిసినవారు ఈ పేజీని మీకు చూపించినా చాలు. శివరాత్రిలోగా ఈ పత్రిక చిరునామాకు ఒక్క కార్డు వేస్తే నాకు అందుతుంది. అందాక నేను చిన్నాయన మగ్గం మీదే నేర్చుకుంటుంటాను. అందులో ఎడమ చెక్క ఆయన మునివేళ్లకు అరిగి చిన్న గుంట పడింది. నా కాలు అందులో ఇంకా సరిగ్గా కుదురుకోలేదు.