కుంకుమపువ్వు గడ్డ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే రోజులు. ప్రొద్దుటూరులోని మా మూలికల అంగడి అబ్బాజాన్ చేతి నుంచి నా చేతికి వచ్చి అప్పటికి నాలుగేళ్లయింది. కరక్కాయ, వస, పిప్పళ్లు, సాంబ్రాణి, అత్తరు అన్నీ ఒక ఎత్తు, బీరువాలో చిన్న సీసాలో దాచిపెట్టే కుంకుమపువ్వు ఒక ఎత్తు. గోడ పొడుగునా చెక్క సొరుగులు ఉండేవి. దేని మీదా పేరు రాసి ఉండేది కాదు. ఏ సొరుగులో ఏముందో అబ్బాజాన్‌కు తెలుసు, ఆయన తర్వాత నాకు తెలుసు. లేబుల్ అంటించడమంటే మతిమరుపు వచ్చిందని ఒప్పుకోవడమేనని ఆయన అనేవారు. నేనూ అదే పాట పాడేవాణ్ణి.

కుంకుమపువ్వు గురించి ముందు కొంచెం చెప్పాలి. పువ్వు మొత్తం ఎండబెట్టి అమ్ముతారని మన వైపు చాలామంది అనుకుంటారు. కాదు. చిన్న ఉల్లిగడ్డంత గడ్డ నుంచి, చలి మొదలయ్యే కాలంలో, ఊదారంగు పువ్వు నేలకు జానెడు ఎత్తున లేస్తుంది. దాని కడుపులో ఎర్రటి పోగులు మూడే మూడు ఉంటాయి. ఆ పోగులే సరుకు. నీళ్లలో వేస్తే అసలు పోగు తొందరపడదు. పసుపు రంగు మెల్లగా దిగుతుంది, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. రంగు అద్దిన మొక్కజొన్న పీచయితే గ్లాసులో పడీ పడకముందే నీళ్లు ఎర్రబడతాయి, పీచు తెల్లబోతుంది. ఈ పరీక్ష చేసి చూపించడమంటే నాకు మహా సరదా. నిజం చెప్పాలంటే, సరుకు అమ్మడం కంటే దాని కథ చెప్పడమే నాకు ఎక్కువ ఇష్టం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, కాకపోతే కాస్త పొడుగు.

ఆ కుంకుమపువ్వుకు పోలికలో తోడబుట్టినట్టుండే మొక్క ఇంకొకటి ఉంది. యునానీ వైద్యంలో దాన్ని సురింజాన్ అంటారు. దానిదీ ఊదారంగు పువ్వే, అదీ గడ్డ నుంచే వస్తుంది. రెండింటి జాతులు వేరని, చూపుకే ఒకటని తెలిసిన హకీములు చెబుతారు. సురింజాన్‌లో తీపి రకాన్ని హకీములు కొలిచి మందుల్లో వాడతారు. చేదు రకాన్ని కీళ్లనొప్పులకు పైన పట్టు వేయడానికే వాడాలి. లోపలికి పోతే విషం. అదీ వెంటనే తెలియని విషం. పొద్దున తిన్న మనిషి మధ్యాహ్నం దాకా నవ్వుతూ తిరుగుతాడు. ఆ తర్వాత మొదలవుతుంది.

ఒక సోమవారం జమ్మలమడుగుకు రెండు మైళ్లు ఇవతల ఉన్న పల్లె నుంచి వెంకటరెడ్డి అనే పెద్దాయన మోకాళ్ల నొప్పులని వచ్చాడు. చేదు సురింజాన్ గడ్డ ఒకటి తీసి కాగితంలో పెట్టాను.

"ఏంది సాయిబూ ఇది? ఎండిన ఎల్లిగడ్డ మాదిరుండాది?" అన్నాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ రోజు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

"దీన్ని తక్కువగా చూడాకు పెద్దాయనా. కుంకుమపువ్వు గడ్డ, ఇదీ పక్కపక్కన పెడితే నేనే తికమక పడతా. పువ్వు గూడా అచ్చం అట్లే ఉంటాది. కాశ్మీరంలో తోటోళ్లే మోసపోతారంట!" అని మొదలుపెట్టి, మంచు కొండల దాకా వెళ్లి వచ్చాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. వినేవాడు దొరికితే నాకు పండగే. ఆముదంలో అరగదీసి మోకాలికి పట్టు వేయాలని, కడుపులోకి పోకూడదని కూడా చెప్పాను. చెప్పాను, ఖుదా సాక్షి. కానీ అన్నీ అయ్యాక, పొట్లం చేతికిచ్చాక, ఆయన వాకిట్లో నిలబడి చుట్ట వెలిగించుకుంటుండగా చెప్పాను.

బుధవారం అంగడి తెరిచి సాంబ్రాణి వేస్తున్నాను. వెంకటరెడ్డి కొడుకు ఓబుళరెడ్డి వచ్చాడు. పాతికేళ్లవాడు, మొహంలో సంతోషం కనిపిస్తోంది.

"సాయిబూ, మొన్న మా నాయనకు కుంకుమపువ్వు గడ్డ ఇచ్చినావే, అట్లాంటిదే ఇంకోటి కట్టియ్యి."

నా చేతిలో సాంబ్రాణి అట్లాగే ఉండిపోయింది. "అదెందుకప్పా?" అన్నాను.

"మా ఇంట్లోదానికి ఏడో నెల. రేపు పులివెందుల నుంచి వాళ్లమ్మోళ్లు వచ్చి కాన్పుకు పిల్చకపోతారు. అత్తగారింట్లో కుంకుమపువ్వు పాలు గూడా ఇయ్యలేదని ఆడోళ్లు అనగూడదంట, మా యమ్మ పట్టు. నాయన తెచ్చింది కుంకుమపువ్వు గడ్డని ఇని, మోకాళ్లకెందుకని మా యమ్మ దాన్నే తీసిపెట్టింది. పోగులైతే నాలుగు దినాలకే అయిపోతాయి, గడ్డయితే కాన్పు దాకా అరగదీయొచ్చు అన్యాది. ఇంకోటుంటే దానెంబడి పంపుదామని వచ్చినా."

మన ఇళ్లల్లో పసిబిడ్డలకు వస, కరక్కాయ సానరాయి మీద అరగదీసి పాలల్లో కలిపి పట్టడం అందరికీ అలవాటే. గడ్డ కనబడితే ఆడవాళ్ల చెయ్యి సానరాయి మీదికే పోతుంది. అది నాకు తెలియనిది కాదు.

"ఇచ్చినారా?" అని అడిగాను.

"ఈ పొద్దు మంచి దినమంట. పొద్దున్నే దానికి తల పోసి, మా యమ్మ సానరాయి ముందర కూచ్చున్యాది. నేను బస్సుకు వచ్చేస్తి."

సరుకు అయిపోయిందని చెప్పి పంపిస్తే, తర్వాత ఏం జరిగినా నా దాకా రాదేమోనన్న ఆలోచన వచ్చింది. ఆ మాట రాయడానికి ఈనాటికీ నాకు సిగ్గుగానే ఉంది. ఒక్క క్షణమే, కానీ వచ్చింది.

"ఓబుళరెడ్డీ, అది కుంకుమపువ్వు గడ్డ కాదప్పా. మోకాళ్లకు పూసేది. లోపలికి పోతే విషం."

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చొక్కా పట్టుకున్నాడు. "ఏమంటాండావు? మల్లా చెప్పు!"

"కొట్టేదుంటే తర్వాత కొట్టు. ముందు పోదాం పా."

అంగడి తలుపులు దగ్గరికి లాగి బస్టాండుకు పరుగెత్తాం. బస్సు వెళ్లిపోయింది. పత్తి తేవడానికి జమ్మలమడుగు వైపు ఖాళీగా పోతున్న లారీ ఒకటి దొరికితే వెనక ఎక్కాం. ఆ ప్రయాణం నేను ఎప్పటికీ మరిచిపోలేను. లారీ ఎగిరెగిరి పడుతోంది. అతను నాకెదురుగా కూర్చుని, ఉండి ఉండి ఒక ప్రశ్న అడిగేవాడు.

"విషం ఎంతసేపటికి ఎక్కుతాది?"

"మజ్జాన్నానికి."

కొంత దూరం పోయాక, "విరుగుడు ఉండాదా?"

"ఆస్పత్రిలో కడుపు కడుగుతారు. ఎంత బిర్నా పోతే అంత మంచిది."

ఇంకొంత దూరం పోయాక, నా వైపు చూడకుండా, "లోపలుండే బిడ్డకు?" అన్నాడు.

నేను లేచి లారీ ముందు రేకు మీద కొట్టి, ఇంకా తొందరగా పొమ్మని డ్రైవరుకు కేక వేశాను. ఎదురుగా ఎద్దులబండి అడ్డం వచ్చి లారీ నెమ్మదించిన ప్రతిసారీ మళ్లీ రేకు మీద కొట్టేవాణ్ణి. అతని భార్యను నేను ఎన్నడూ చూడలేదు, పేరు కూడా తెలియదు. అయినా పాలు తాగుతున్నట్టు, గ్లాసు కింద పెడుతున్నట్టు కళ్ల ముందే కనిపిస్తోంది. పల్లె దగ్గర దిగి నడుస్తూ చెవులు రిక్కించాను. ఏడుపులు వినబడతాయేమోనని భయం. ఏమీ వినబడకపోతే అదింకో భయం.

ఇంటి ముందు జనం లేరు. అరుగు మీద కడుపుతో ఉన్న పిల్ల కూర్చుని, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ చింతకాయలు ఒలుస్తోంది.

"నరసమ్మా, పాలు తాగినావా?" అని ఓబుళరెడ్డి గట్టిగా అరిచాడు. ఆ పిల్ల బెదిరిపోయి గడప వైపు చూసింది. గడపలో అత్త సుబ్బమ్మ నిలబడి ఉంది.

"ఒక గుక్క పోసుకున్యా. యాపాకు కన్నా చేదు. మింగలేక ఊంచేస్తి," అంది ఆ పిల్ల. తప్పు చేసినదాని మాదిరి తల దించుకుంది.

ఓబుళరెడ్డి అక్కడే మట్టిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను అల్హమ్దులిల్లా అన్నాను. లోపల్నుంచి వెంకటరెడ్డి కర్ర పోటేసుకుంటూ వచ్చి నన్ను చూసి నిలబడిపోయాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. చెబుతుండగానే ఇంకో సంగతి తట్టింది.

"అమ్మా, మిగిలిన పాలు ఏం చేస్తిరి?"

"ఏం చేస్తారప్పా? అంత మంచి వస్తువ పారబోస్తారా? నేనే తాగితి," అంది సుబ్బమ్మ. "చేదుంటేనే గదా మందు. ఈ కాలం పిల్లోళ్లకు నాలికె మీదనే ఉంటాది ప్రాణం."

ఓబుళరెడ్డి మట్టిలోంచి లేచి తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె మాత్రం రాయి మాదిరి గట్టిగా నిలబడి ఉంది, చేతిలో చేట.

ఆమెను వాళ్ల ఎద్దులబండి ఎక్కించడానికి పట్టిన సమయం నాకు ఒక యుగం లాగా అనిపించింది. "నాకేమైంది? రేపు వియ్యంకులు వస్తాండారు, నిప్పట్లు కాల్చాల," అంటుంది. మొగుడు తిట్టాడు, కొడుకు కాళ్లు పట్టుకున్నాడు, కదల్లేదు. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి నువ్వు చచ్చిపోతావని చెప్పి నమ్మించడం ఎట్లా? నా జన్మంతా ఊరికే వాగి, సరిగ్గా మాటలు కావలసిన వేళకు నా దగ్గర మాటలు లేవు.

"అమ్మా, అది నేను అమ్మిన విషం," అన్నాను చివరికి. "నా నోటి దూల వల్ల నీ కడుపులోకి పోయింది. నువ్వు బండెక్కకపోతే నేను ఈణ్ణుంచి పోను. మాపుటేలకు నువ్వు పడిపోయేది చూసే పోతా."

ఆమె నా మొహం చూడలేదు, నా చేతులు చూసింది. "ఎందుకప్పా అట్ల వణుకుతాండావు?" అంది మెల్లగా. చేట కోడలి చేతికిచ్చి బండెక్కింది. కోడల్ని కూడా పక్కనే ఎక్కించాం.

జమ్మలమడుగు ఆస్పత్రిలో డాక్టరమ్మకు సానరాయి దగ్గర మిగిలితే వెంట తెచ్చిన గడ్డ ముక్క చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. వెంటనే స్టమక్ వాష్ చేశారు, అంటే నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి నీళ్లతో కడగడం. కోడల్ని కూడా పరీక్ష చేసి, లోపల బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పారు. సుబ్బమ్మ సంగతి అడిగితే డాక్టరమ్మ, "దీనికి విరుగుడు లేదు. సెలైన్ ఎక్కించి కాచుకోవడమే," అన్నారు. మధ్యాహ్నం మూడింటికి గొంతు మంట అని మొదలైంది. తర్వాత వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి ఆ రాయిలాంటి మనిషి పక్కకు తిరగడానికి కూడా లేకుండా పోయింది.

మూడు రోజులు ఆ వరండాలోనే ఉన్నాను. మరుసటి రోజు పులివెందుల వాళ్లు నేరుగా ఆస్పత్రికే వచ్చారు. ఆరడుగుల మనుషులు నలుగురు. నేను స్తంభం చాటుకు పోయి నిలబడ్డాను. వాళ్లంటే భయం ఒకటి, లోపల్నుంచి నర్సు బయటికి వచ్చినప్పుడల్లా ఏం చెబుతుందోనన్న భయం ఇంకొకటి. నాలుగో రోజు డాక్టరమ్మ, "మూత్రం బాగా వస్తోంది, గండం గడిచినట్టే," అన్నాక ఇంటికి వచ్చాను. ఆ రోజే కూర్చుని సొరుగులన్నిటికీ పేర్లు రాసి అంటించాను. చేదు సురింజాన్‌ను డబ్బాలో వేసి తాళం పెట్టాను.

నెల దాటాక ఒక పొద్దున సుబ్బమ్మ ఒక్కతే అంగడికి వచ్చింది. మనిషి సగమైపోయింది. కొంగు తలచుట్టూ బిగించి కప్పుకుంది. కోడలు పులివెందులలో బాగుందని, తను చూడటానికి పోతున్నానని చెప్పింది.

"కుంకుమపువ్వు కట్టప్పా. పోగులే కట్టు."

కట్టాను. పొట్లం ఇచ్చేముందు, "దీన్ని తీసకపొయ్యి ఏం చేస్తావో నాకు చెప్పమ్మా," అన్నాను.

"పాలల్లో రొండు పోగులు ఏసి ఇస్తా. అంతే గదా?" అంటూ చెమట తుడుచుకోవడానికి కొంగు జరిపింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ విషానికి అదొక గుణం. ప్రాణం వదిలిపెట్టినా, కొన్ని వారాలకు జుట్టు తీసుకుపోతుంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

"ఏ దేవునికి ఇచ్చినావని ఊర్లో అందరూ అడుగుతాండారు," అంది సుబ్బమ్మ కొంగు సర్దుకుంటూ. "గండి ఆంజనేయసామికి మొక్కుంటే ఇచ్చినా అని చెప్తాండా. నీ పేరు యాడా చెప్పలే. చెప్తే నీ అంగడి మెట్టెవరెక్కుతారప్పా?"

ఆమె వెళ్లిపోయాక బీరువా చాటుకు పోయి ఏడ్చాను.

అప్పటి నుంచి మా అంగట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. నేను ఏం చెప్పానన్నది లెక్క కాదు, ఎదుటి మనిషి దాన్ని ఏమని అర్థం చేసుకుని పోతున్నాడన్నదే లెక్క. అందుకని మందు ఏదైనా సరే, ఇంటికి పోయి ఏం చేస్తారో వాళ్ల నోటితో చెప్పించుకోకుండా పొట్లం చేతికివ్వను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు, ముసలితనం వచ్చిందంటారు. అననీ. నా పేరు దాచడానికి ఒక తల్లి దేవుడి మీద పెట్టి అబద్ధమాడింది. ఆ అబద్ధం ఇంకొకరు ఆడవలసిన అవసరం రాకుండా చూసుకోవడమే నా పని అనుకున్నాను.